నడత తాళం

కొట్టిన ఆరంకెలు తప్పని మూడోసారి కూడా తెరమీద వచ్చింది.

"ముప్ఫై సెకన్లలో కొట్టాలి భానూ. ఒక్కో అంకెనీ ప్రూఫు దిద్దినట్టు చూస్తావేంటి?" అంది మందాకిని.

"ప్రూఫులు దిద్దేవాణ్ణి మరెలా చూడమంటావ్?" అన్నాడు ఉదయభాను, కళ్ళజోడు పైకి నెట్టుకుంటూ.

విశాఖలో సీతమ్మధార దగ్గర వాళ్ళ ఇల్లు. భాను తండ్రి కట్టించింది. కరెంటు మీటరూ, కుళాయి కనెక్షనూ భాను పేరుమీదే ఉన్నాయి. అతను ఇంట్లో కూర్చుని బడి పుస్తకాల ప్రూఫులు దిద్దుతాడు. వంటా, పాప బడీ అతని చేతిమీదే నడుస్తాయి. మందాకిని మధురవాడ కొండమీద ‘సంధాన’ అనే పరిశోధనశాలలో పెద్ద ఇంజినీరు. ఇంట్లోని లైట్లు, ఫ్యాన్లు, గీజరు, మోటారు అన్నిటినీ ఒక పెట్టెకి కలిపి, ఆ పెట్టెని కరెంటు ఖాతాకీ నీళ్ళ ఖాతాకీ ముడిపెట్టడం వాళ్ళ పని. ముడిపడ్డాక ఏ గంటలో కరెంటు వాడకం తక్కువగా ఉంటుందో చూసుకుని ఇల్లే మోటారు వేసుకుంటుంది. ఎక్కడైనా కుళాయి కారుతుంటే ఇల్లే పసిగట్టి కట్టేస్తుంది. అయితే ఆ ముడి వేసేముందు ఖాతాదారు తానే ఖాతాదారునని రుజువు చేసుకోవాలి. తెరమీది నలుపు తెలుపు గళ్ళబొమ్మని ఫోనుకి చూపిస్తే, ఫోనులోని యాప్ అరనిమిషానికోసారి మారిపోయే ఆరంకెలు చూపిస్తుంది. అవి మారేలోపు కొట్టాలి.

తొమ్మిదేళ్ళ మేఖల తండ్రి భుజం మీంచి తొంగిచూసింది.

"నాన్నా, నీ ఫోన్లో టైము రెండు నిమిషాలు వెనక్కుంది. అమ్మ ఫోన్ చూడు. అందుకే తప్పంటోంది."

మందాకిని బిత్తరపోయి రెండు ఫోన్లూ పక్కపక్కన పెట్టి చూసింది. పిల్ల చెప్పింది నిజమే. టైము సరిచేశాక అంకెలు మొదటి దెబ్బకే పనిచేశాయి.

"చూశావా, మేకపిల్లకున్నపాటి బుర్ర నీ కొండమీద ఎవరికీ లేదు," అన్నాడు భాను. కూతుర్ని అతను మేకా అనే పిలుస్తాడు.

నెల తిరక్కుండానే ఆ ఆరంకెలు మందాకినికి పెద్ద తలనొప్పి తెచ్చిపెట్టాయి. అదే పెట్టె పెట్టించుకున్న పక్కింటి పైడితల్లమ్మకి ఎవడో ఫోన్ చేశాడు. మర్నాటినుంచి ఆవిడ ఇంట్లో ఏదీ వెలగలేదు, ఏదీ తిరగలేదు. రెండు రోజులపాటు ఎక్కణ్ణుంచో ఆవిడ ఇంటిని ఆర్పి కూర్చున్నాడు వాడు.

"కరెంటాఫీసోడే అనుకున్నానమ్మా. ఆరంకెలు సెప్పమన్నాడు. సెప్పేసినాను. ఫ్రిజ్‌లో వంజరం చేప ముక్కలన్నీ కుళ్ళిపోనాయి," అంటూ ఆవిడ గుమ్మంలో కూర్చుని కళ్ళొత్తుకుంది. "సదువుకోనోళ్ళకి ఇలాటియ్యన్నీ ఏటమ్మా మీరు పెట్టడం?"

ఆ మాట మందాకినికి గుచ్చుకుంది. మనిషి నోటినుంచి లాగడానికి వీల్లేని తాళంచెవి కావాలనుకుంది. రెండు వేల ఇళ్ళ మీటర్ల లెక్కలు ఏడాదిపాటు ముందేసుకుని కూర్చుంది. పొద్దున్నే ఏ లైటు ముందు వేస్తారు, కుళాయి ఎంత తిప్పుతారు, మిక్సీ ఎంతసేపు ఆడిస్తారు, గీజరు ఆపడం మర్చిపోయి ఎన్నిసార్లు వెనక్కొస్తారు. ఇదంతా తీగలో పోయే కరెంటుమీదా, పైపులో పారే నీటిమీదా అచ్చు పడుతోంది. ఏ రెండిళ్ళ అచ్చూ ఒకటి కాదు. ముఖ్యంగా పొద్దుటి రెండు గంటలు. ఆ అచ్చునే తాళంచెవి చేసింది. దానికి నడత తాళమని పేరుపెట్టింది. ఇక ఫోన్లు, అంకెలు అక్కర్లేదు. నువ్వు నీలా బతికితే చాలు, నీ ఖాతా నీకు తెరుచుకునే ఉంటుంది. నీలా బతకని మనిషి ఇంట్లో దూరితే మూడు వారాల్లో ఇల్లు వాణ్ణి పరాయివాడిగా తేల్చి, ఒక లైటుకీ ఒక ఫ్యాన్‌కీ ఒక కుళాయికీ కుదించేస్తుంది. తయారుచేసినవాళ్ళు కూడా బయటినుంచి దాన్ని తెరవలేరు. అమ్మకానికి అదే గొప్ప.

"దొంగ అంకెలు కాజెయ్యగలడు. ఒక ఇంటి పొద్దుటిపూటని కాజెయ్యలేడు," అని ఆమె సభల్లో చెప్తే చప్పట్లు కొట్టేవారు.

ల్యాబ్‌లో ఆమె కింద పనిచేసే ఖాదర్ వలీ మాత్రం ఒక్క విషయం దగ్గర పట్టుపట్టాడు.

"పది అత్యవసర సంఖ్యలు కాగితం మీద అచ్చేసి ఇద్దాం మేడమ్. బీరువాలో దాచుకుంటారు. తాళం మొండికేస్తే అవి వాడుకుంటారు."

"ఆ కాగితాన్నే పైడితల్లమ్మగారు మళ్ళీ ఫోన్లో చదివి వినిపిస్తారు వలీ. వద్దు."

"మరి మనిషి మారిపోతేనో?"

"ఊరెళ్ళొస్తే మళ్ళీ పాత నడతే. జబ్బుపడి లేచినా పాత నడతే. రెండు వేల ఇళ్ళు చూశాం కదా."

"మా అబ్బా పోయాక మా అమ్మీ ఏడాది దాకా టీ పెట్టలేదు మేడమ్. పొద్దున లేచేదే కాదు. ఆ ఏడాదీ ఆవిడ మా అమ్మీ కాదంటారా?"

"ఒక్క ఇంటిని చూసి, రేపు పెట్టబోయే నలభై వేల ఇళ్ళకి తాళం కట్టలేం," అంది మందాకిని. కాగితం సంగతి అంతటితో సరి.

నడత తాళం మొదట పడింది వాళ్ళ ఇంటికే. భాను పొద్దుటిపూటని అది చక్కగా నేర్చుకుంది. అయిదూ యాభైకి గీజరు. ఆరూ అయిదుకి కొబ్బరిచట్నీకి మిక్సీ. ఆరుంబావుకి పాప స్నానానికి బకెట్టు. ఆరూ ఇరవైరెండుకి బాత్రూం లైటు మూడుసార్లు ఆరి వెలిగేది, మేఖల బయటికొస్తున్నానని తండ్రికి పంపే సిగ్నలు అది. ఆరున్నరకి యూనిఫాం ఇస్త్రీ. "మీ ఆయన గడియారం కంటే నికరం," అని ల్యాబ్‌లో అంతా నవ్వేవాళ్ళు.

ఆగస్టు చివర మేఖలకి జ్వరం వచ్చింది. డెంగీ అన్నారు. రక్తం ఎక్కించారు. అయిదో రోజు మధ్యాహ్నం, భాను ఆసుపత్రి క్యాంటీన్ నుంచి ఇడ్లీ పట్టుకొచ్చేసరికి పిల్ల లేదు.

పదిహేనో రోజున మందాకిని ల్యాబ్‌కి వెళ్ళిపోయింది. ఇంట్లో ఊపిరాడటం లేదంది. భాను ఎక్కడికీ వెళ్ళలేదు. పొద్దెక్కాక ఎప్పుడో లేచేవాడు. పొయ్యి వెలిగించేవాడు కాదు. పన్నెండింటికి చన్నీళ్ళు రెండు చెంబులు పోసుకుని, హాల్లో లైటు పగలంతా వెలుగుతున్నా చూడకుండా కూర్చునేవాడు. ప్రెస్సు నుంచి వచ్చిన ప్రూఫుల కట్ట విప్పలేదు. పైడితల్లమ్మ కంచంలో అన్నం పెట్టి తెస్తే తినేవాడు.

నాలుగు రోజులుగా రాత్రిళ్ళు కూడా ల్యాబ్‌లోనే ఉండిపోయిన మందాకిని ఒక సాయంత్రం వచ్చేసరికి హాల్లో ఒక్క లైటే వెలుగుతోంది. వంటింట్లో కుళాయి తిప్పితే సన్నటి ధార వచ్చింది. గీజరు మీట వేసింది, ఎర్రదీపం వెలగలేదు. ఆమెకి విషయం అర్థమైంది. భాను ఫోన్ తీసి చూసింది. "ఈ ఇంట్లో ఉంటున్నది ఖాతాదారు ఉదయభాను గారేనని నిర్ధారించలేకపోతున్నాం" అని ఉంది. ఆ వాక్యం రాసింది తనే.

"ఎన్నాళ్ళయింది ఇలా?"

"మూడు రోజులు."

"నాకు చెప్పలేదేం?"

"నేను నేను కాదంది. నిజమేగా అనుకున్నాను," అన్నాడు భాను.

ఆమె పక్కన కూర్చుని చాలాసేపు అతని చెయ్యి పట్టుకుంది. భానే అన్నాడు, "రేపు కరెంటాఫీసుకెళ్ళి ఈ ముడి తీయించేస్తాను. సంతకం పెడితే పాత మీటరు బిగిస్తారటగా."

మందాకిని చెయ్యి వదిలేసింది.

నెలాఖరుకి కరెంటు సంస్థతో నలభై వేల ఇళ్ళ ఒప్పందం. వాళ్ళ అధికారులు వచ్చి చూసేది నమూనా ఇంటి రికార్డే. ఆ నమూనా ఇల్లు ఇదే. దీని ముడి విప్పారంటే, చేసినామె ఇంట్లోనే తాళం చెడిందని రాస్తారు. నాలుగేళ్ళ పని అక్కడితో ఆగిపోతుంది. ఇవన్నీ ఆమె నెమ్మదిగానే చెప్పింది. పిల్ల పోయాక తనకి మిగిలింది ఆ పనొక్కటేనని కూడా చెప్పింది.

"అయితే నన్నేం చెయ్యమంటావ్?"

"ఏడు రోజులు, భానూ. ఏడు పొద్దుటిపూటలు మునుపటిలా చేస్తే అది నిన్ను గుర్తుపడుతుంది. తర్వాత నీ ఇష్టం."

"మునుపటిలా అంటే?"

ఆమె ల్యాబ్ నుంచి తెచ్చిన కాగితం ఇచ్చింది. నిమిషాల వారీగా ఉంది. భాను దాన్ని ప్రూఫులా చదివాడు, వేలు ఒక్కో వరుస కిందా జరుపుతూ. ఆరూ ఇరవైరెండు దగ్గర వేలు ఆగింది.

"మందా, ఇది నేను కాదు. ఇదంతా మేక. లైటు ఆర్పేది అది. ఆరుంబావుకి నీళ్ళు దానికోసం. మిక్సీ శబ్దానికి చెవులు మూసుకుంటుందని మధ్యలో ఆపి ఆపి తిప్పేవాణ్ణి, అదీ రాసుందిక్కడ. నీ యంత్రం ‘ఇది భాను’ అనుకున్నదంతా మన పిల్లే."

"నాకు తెలుసు," అంది మందాకిని.

"తెలిసే అడుగుతున్నావా?"

అతను కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

మర్నాడు అయిదూ యాభైకి భాను గీజరు మీట వేశాడు. అది పనిచెయ్యదు, కానీ మీట వేసిన గుర్తు పెట్టెకి చేరుతుంది. ఆరుంబావుకి సన్నధార కింద బకెట్టు పెట్టాడు. ఆరూ ఇరవైరెండుకి బాత్రూంలోకెళ్ళి మీట మూడుసార్లు నొక్కాడు. ఆ గదిలో లైటు వెలగడం లేదు. మీట చప్పుడు మాత్రం వినిపించింది.

మందాకిని ఆ వారమంతా అయిదింటికే కొండమీదికి వెళ్ళిపోయేది. తన తెరమీద పాత గీత నీలంగా, కొత్త గీత పచ్చగా కనిపించేవి. మొదటి రోజు పోలిక నూటికి ముప్ఫై. రెండో రోజు నలభై నాలుగు. ఇల్లు అరకొరగా నమ్మి గీజరుకీ బాత్రూం లైటుకీ కరెంటు ఇచ్చింది. మూడో రోజు పచ్చగీత ఉన్నట్టుండి కిందికి జారింది. ఆమె ఫోన్ చేసింది.

"భానూ, ఆరూ ఇరవైకల్లా నీళ్ళు ఆగాలి. పన్నెండు నిమిషాలు అలా వదిలేశావేం? ఏమయింది?"

భాను అన్నాడు, "తువ్వాలు పట్టుకుని తలుపు బయట నిలబడ్డాను. నీళ్ళు మర్చిపోయాను."

"రేపు జాగ్రత్తగా చెయ్యి," అంది మందాకిని. అన్నాక ఫోన్ బల్లమీద బోర్లించి, లేచి కిటికీ దగ్గరికెళ్ళింది. కింద సముద్రం మామూలుగానే ఉంది. ఆమె మళ్ళీ వచ్చి తెరముందు కూర్చుంది.

నాలుగో రోజు అరవై. అయిదో రోజు డెబ్భై ఎనిమిది, మిక్సీకీ ఇస్త్రీ పెట్టెకీ కూడా కరెంటు వచ్చింది. ఆరో రోజున రెండు గీతలూ ఒకదానిమీద ఒకటి పడిపోయి, ఏది పాతదో ఏది కొత్తదో తెలియలేదు. మిక్సీ ఆగి ఆగి తిరిగింది. ఇస్త్రీ పెట్టె అయిదు నిమిషాలు కాలింది. మందాకినికి సంతోషం వేసింది. ఎంతోమంది జీతం తెచ్చే పని నిలబడుతోందని, నాలుగేళ్ళ శ్రమ మునగలేదని, తనకి తాను ఏదో చెప్పుకుంది.

వెనకనుంచి వలీ తెర చూస్తున్నాడు.

"మేడమ్, ఆరూ ఇరవైరెండుకి బాత్రూం లైటు మూడుసార్లు ఆర్పి వెలిగించింది ఎవరు?"

వలీకి జవాబు అక్కర్లేకపోయింది. ఆ మధ్యాహ్నమే అతను రాజీనామా కాగితం బల్లమీద పెట్టి వెళ్ళాడు. అందులో కారణం ఏమీ రాయలేదు.

ఏడో రోజు ఆరున్నర దాటాక భాను ఫోనుకి వర్తమానం వచ్చింది: "స్వాగతం ఉదయభాను గారూ. మీరు మీరేనని నిర్ధారణ అయింది." ఇంట్లో అన్ని గదుల లైట్లూ ఒక్కసారి వెలిగి ఆరాయి. ల్యాబ్‌లో చప్పట్లు కొట్టారు. ఆ వారమే అధికారులొచ్చి రికార్డు చూశారు. ఖాతాదారుకి ఏదో కుటుంబ కష్టం వచ్చి నడత మారిందనీ, ఏడు రోజుల్లో తిరిగి కుదురుకుందనీ మందాకిని చెప్పింది. "తాళం ఎంత కఠినమో, ఎంత దయగలదో కూడా తెలిసింది," అన్నాడు వాళ్ళలో పెద్దాయన. నలభై వేల ఇళ్ళకీ సంతకాలయ్యాయి. వినియోగదారుల పుస్తకంలో ‘ఏడు ఉదయాల పద్ధతి’ అని ఒక పేజీ చేరింది.

అదంతా తర్వాత మాట. ఏడో రోజు సాయంత్రం మందాకిని మిఠాయి పెట్టెతో ఇంటికొచ్చింది. భాను బట్టలు మడుస్తున్నాడు. ఇస్త్రీ చేసిన స్కూలు యూనిఫాం కుర్చీమీద ఉంది.

"ఇక ఒక్కసారిగా ఆపెయ్యకు భానూ. మళ్ళీ బిగుసుకుంటుంది. వారానికో నిమిషం చొప్పున గీజరు తగ్గించుకుంటూ రా. ఇల్లు మెల్లిగా మర్చిపోతుంది," అంది ఆమె.

అతను ఆమె ముఖంలోకి చూసి, మళ్ళీ బట్టలు మడుచుకున్నాడు. మర్నాడు ఆమె ల్యాబ్‌నుంచి వచ్చేసరికి అతను లేడు. ప్రూఫుల కట్టా, రెండు జతల బట్టలూ లేవు. పెందుర్తిలో ప్రెస్సువాళ్ళ గోడౌను పైన గది తీసుకున్నాడని పైడితల్లమ్మ చెప్పింది.

"నాను ఆపినానమ్మా. ఆగలేదు. ఆ ఏడు రోజులూ గోడ ఇవతల్నించి నాకు ఇనబడీది. 'మేకా, నీళ్ళు సల్లారిపోతన్నాయి' అని పిలిసీవోడు. పిల్ల తిరిగొచ్చినాదా అని ఓ పూట నాను గుమ్మం దాకా వచ్చినాను. తలుపు కొట్టడానికి సెయ్యి రానేదు."

మందాకిని ఆ ఇంట్లో ఒంటరిగా ఉంది. మూడు వారాలు గడిచాయి. అచ్చు మళ్ళీ తప్పింది. ఈసారి వర్తమానం వేరుగా ఉంది: "ఈ ఇంట్లో ఉన్న వ్యక్తి నడత మా దగ్గర నమోదు కాలేదు." ఏళ్ళ తరబడి పొద్దున్నే వెళ్ళి చీకటిపడ్డాక వచ్చే మనిషి గురించి ఇంటికి ఏం తెలుస్తుంది? ఆమె ఆ నిమిషాల కాగితం ఇంకో ప్రతి తీసి చేత్తో పట్టుకుని భానులా చెయ్యబోయింది. చట్నీ ఎప్పుడూ చేసినామె కాదు. మిక్సీ ఎక్కడ ఆపాలో తెలియలేదు. మేఖల స్నానానికి నీళ్ళు ఏ వేడిలో ఉండాలో తెలియలేదు. పది రోజులు ప్రయత్నించింది. పోలిక నూటికి ఇరవై దాటలేదు.

ఆ రోజుల్లోనే ల్యాబ్‌కి ఫోన్లు రావడం మొదలైంది. గాజువాక నుంచి, ముందే తాళం పడ్డ ఆ రెండు వేల ఇళ్ళలో ఒకావిడ, పేరు సన్యాసమ్మ. భర్త స్టీల్‌ప్లాంటులో చేస్తూ పోయాడు. ఇల్లు ఆవిణ్ణి పరాయిదానివంది. సహాయ కేంద్రంలో ఎవరో పుస్తకంలో ఉన్నదే చెప్పారు.

"ఆయన నైట్ డ్యూటీ దిగి వచ్చే టైముకి నీళ్ళు కాచమంటున్నారమ్మా. ఆయన గెడ్డం గీసుకునే లైటు వెయ్యమంటున్నారు. ఏడు రోజులంట. తప్పదామ్మా? వేరే దారి ఏదీ లేదా?"

"చెప్తానమ్మా. చెయ్యకండి. నేను చెప్పేదాకా ఏమీ చెయ్యకండి," అంది మందాకిని.

ఆ సాయంత్రం పైవాళ్ళ దగ్గరికెళ్ళి, ఇంటింటికీ అత్యవసర సంఖ్యల కాగితం ఇవ్వాలని అడిగింది. వాళ్ళు మర్యాదగానే విన్నారు. ఒప్పందం అయిపోయాక తాళానికి రెండో తలుపు పెట్టడం కుదరదన్నారు. "ఏడు ఉదయాల పద్ధతి బ్రహ్మాండంగా ఉంది కదండీ. మీ ఇంట్లోనే పనిచేసింది," అన్నారు.

ఆమె గాజువాక ఆవిడకి ఫోన్ చేసి కరెంటాఫీసుకెళ్ళి ముడి తీయించేసుకోమని చెప్పింది. మర్నాడు తనూ అదే పనికి వెళ్ళింది. వరుసలో నిలబడింది. గుమాస్తా కాగితాలు చూసి, ఖాతాదారే రావాలన్నాడు. ఆమె భానుకి ఫోన్ చేసింది. అతను బస్సులో వచ్చాడు. సన్నబడ్డాడు. గెడ్డం తెల్లగా మాసింది. చూపించినచోట సంతకం పెట్టాడు. గుమాస్తా లోపలికెళ్తే ఇద్దరూ వరండాలో బల్లమీద కూర్చున్నారు.

"నీచేత ఆ ఏడు రోజులూ చేయించకుండా ఉండాల్సింది," అంది మందాకిని. "నన్ను క్షమించమని అడగడానికి కూడా నోరు రావడంలేదు."

"నేను వెళ్ళిపోయింది నువ్వు చేయించినందుకు కాదు మందా. మొదటి మూడు రోజులూ చచ్చిపోయినట్టే చేశాను. అయిదో రోజునుంచి నాకు బావుంది. ఆరో రోజు లైటు ఆర్పింది నేను కాదనిపించింది. తువ్వాలు పట్టుకుని నిలబడితే లోపల నీళ్ళ చప్పుడు వినిపించింది. నవ్వాను కూడా. ఏడో రోజు యూనిఫాం ఇస్త్రీ చేసి, జడ వేద్దామని దువ్వెన పట్టుకుని కూర్చున్నాను. అప్పుడు ఫోన్ మోగింది, నేను నేనేనని." అతను చేతులు మోకాళ్ళమీద పెట్టుకుని చూసుకున్నాడు. "ఆసుపత్రిలో అది పోయినప్పుడు నువ్వున్నావు. డాక్టర్లున్నారు. అందరూ వచ్చారు. రెండోసారి పోయినప్పుడు నేనొక్కణ్ణే ఉన్నాను. నువ్వు మిఠాయి తెచ్చావు."

మందాకిని అతని వైపు తిరగబోయి తిరగలేకపోయింది. బస్సు వచ్చే వేళయిందని అతను లేచాడు. వెళ్తూ ఆమె భుజం మీద ఒక్క క్షణం చెయ్యి వేసి తీసేశాడు. ఆ స్పర్శలో కోపం లేదు. కోపం ఉంటే బావుండునని ఆమె అనుకుంది.

గుమాస్తా బయటికొచ్చి, రేపు పొద్దున ఆరింటికి మనిషొచ్చి ఆ పెట్టె పీకి పాత మీటరు బిగిస్తాడని చెప్పాడు.

"అంత పొద్దున్నే ఇంట్లో ఎవరైనా లేచి ఉంటారామ్మా?"

"నేనుంటాను," అంది మందాకిని.